తపాలాబిళ్ళలో శంఖము

శంఖములో పోసినగాని తీర్థము కాదని మన పెద్దల సామెత. బావిలో నున్నప్పుడును, కడవలో నున్నప్పుడును నీరు నీరే. శంఖములో పడినంతనే దానికి తీర్థమను పేరు వచ్చును. కాగితపు ముక్క సంగతియు నిట్టిదే. అంగుళము వెడల్పుగల చిన్న కాగితముపై ప్రభుత్వము తన ముద్ర వేసి, దాని వెల ఇంతయని నిర్ణయించినంతనే అది తపాలాబిళ్ళ యగును. ఒకరి క్షేమవార్తను సముద్రములు దాటించు శక్తి దానికి కలుగును.

1840వ సంవత్సరము మే నెలలో ఇంగ్లండు దేశమున మొదటి తపాలాబిళ్ళ వాడుకలోనికి వచ్చెను. మన దేశమున 1852లో సింధు ప్రాంతమునందును, 1854లో దేశమంతటను బిళ్ళలు వెలువడినవి. బిళ్ళలు పుట్టిన కొలదికాలమునకే వానిని సేకరించువారును పుట్టిరి. వారిలో కొందఱు ఒక్కొక్క దేశపు బిళ్ళలను వరుసగా కూర్చుదురు. కొందఱు ఒక విషయమును ఎన్నుకొని, పక్షులనో, పువ్వులనో, రైలుబండ్లనో చూపు బిళ్ళలను మాత్రమే చేర్చుదురు. ఇట్లు సముద్రపు గుల్లల బిళ్ళలను మాత్రమే చేర్చిన ఒక ఉపాధ్యాయుని వృత్తాంతమిది.

విశాఖపట్టణమునకు ఉత్తరముగా, గోస్తనీనది సముద్రమున కలియుచోట భీమునిపట్టణము కలదు. ఆ ప్రాంతమున సముద్రపుటొడ్డునగల ఒక గ్రామములో ఆయన ప్రకృతిశాస్త్రము బోధించుచుండెను. ఆయన బల్లసొరుగులో ఆకుపచ్చని గుడ్డ అట్టగల ఆల్బము ఒకటి యుండెడిది. అందులో గవ్వ, ఆల్చిప్ప, నత్తగుల్ల, శంఖము అచ్చొత్తిన బిళ్ళలు తప్ప మఱియొకటి లేదు. ఊరివారు దానిని చూచి నవ్వుకొనెడివారు. "ఇంటిముందర ఇంత సముద్రము నుంచుకొని పంతులుగారికి కాగితపు గవ్వలేల? వంగి యేరుకొనిన బుట్టెడు దొరకవా?" అనెడివారు. పంతులుగారు ఆ మాటకు నవ్వి యూరకొనెడివారేగాని బదులు చెప్పెడివారు కారు.

ఆ ఆల్బములో మొదటి పుట తిరువాన్కూరు సంస్థానమునది. ఇప్పటి కేరళరాష్ట్రమునకు దక్షిణభాగముగా నున్న ఆ సంస్థానమునకు పద్మనాభస్వామి కులదైవము. 1750లో మార్తాండవర్మ మహారాజు రాజ్యమునంతయు ఆ స్వామి పాదములకడ సమర్పించి, తాను దాసుడనని చెప్పుకొనెను. విష్ణుమూర్తి చేతిలోని శంఖమే ఆ రాజ్యమునకు చిహ్నమయ్యెను. ఆ సంస్థానమునకు సొంత తపాలా యుండెడిది. దానిని అంచెల్ అనువారు. ఆ మాట వినగనే మన అంచె అను మాట జ్ఞప్తికి రాకమానదు. గంటలు కట్టిన కఱ్ఱను చేతబట్టి అంచెబంటు పరుగెత్తుచుండ, ఆ గంటల చప్పుడు విని జనులు దారి యిచ్చెడివారు. 1888లో ఆ సంస్థానము తన మొదటి బిళ్ళలను అచ్చొత్తించినపుడు వానిపై రాజుగారి ముఖము లేదు. నడుమ శంఖము మాత్రమే యుండెను. వాని వెల చక్రములలో నుండెను. చక్రమనగా ఆ సంస్థానపు చిన్న నాణెము.

పంతులుగారు పిల్లలకు ఆ బిళ్ళను చూపు రీతి చిత్రముగా నుండెడిది. బిళ్ళను వ్రేళ్ళతో తాకనీయరు. వ్రేళ్ళ తడియు, చెమటయు కాగితమును చెఱచును. చిన్న పట్టకారుతో దానిని పట్టి, కిటికీ వెలుతురునకు ఎదురుగా ఎత్తి, "ఇందులో ఎన్ని శంఖములున్నవి?" అని యడిగెడివారు. పిల్లలు "ఒక్కటే" యనెడివారు. "మఱల చూడుడు" అనెడివారాయన. కొంతసేపు చూడగా చూడగా కాగితపు పొరలలో పలుచని నీడవలె మఱియొక శంఖపు గుఱుతు కన్పట్టెడిది. అది అచ్చొత్తినది కాదు. కాగితమును తయారుచేయునపుడే దానిలో నిలిపిన నీటిగుఱుతు. దొంగబిళ్ళలు చేయువారిని అడ్డుటకై కాగితములలో ఇట్టి గుఱుతులు నిలుపుదురు. మొదటి బిళ్ళల తరువాత వచ్చిన తిరువాన్కూరు బిళ్ళలలో పైన నొక శంఖము, లోపల నొక శంఖము. "పైది అందఱకు కనబడును. లోపలిది వెలుతురున నిలిపి ఓపికతో చూచువానికే కనబడును" అని పంతులుగారు చెప్పెడివారు.

తిరువాన్కూరు, కొచ్చి సంస్థానములు 1949లో ఒకటైనవి. 1950లో ఆ రాష్ట్రము వెలువరించిన రెండు పైల బిళ్ళపై మఱల శంఖమే నిలిచెను. 1951లో అంచెల్ భారతదేశపు తపాలాశాఖలో కలిసిపోగా ఆ బిళ్ళలు వ్యవహారమునుండి తొలగినవి.

తరువాతి పుటలు పపువా న్యూగినీ దేశమువి. 1968, 1969 సంవత్సరములలో ఆ దేశమువారు తమ నిత్యవ్యవహారపు బిళ్ళలపై రంగురంగుల సముద్రపు గుల్లలను అచ్చొత్తించిరి. అక్కడ గుల్లలు అలంకారములు మాత్రమే కావు. పూర్వము ధనమును అవియే. 1975లో ఆ దేశము క్రొత్త నాణెములను ప్రవేశపెట్టినపుడు పెద్ద నాణెమునకు కీనా యనియు, చిన్నదానికి తోయా యనియు పేరు పెట్టెను. కీనా యనగా ముత్యపుచిప్ప. తోయా యనగా గుల్లతో చేసిన దండకడియము. ఈ సంగతి చెప్పి పంతులుగారు, "మన భాషలోను ఇట్టి గుఱుతు మిగిలియున్నది, చెప్పుకొనుడు" అనెడివారు. ఎవరును చెప్పలేకపోయినపుడు, "చేత చిల్లిగవ్వ లేదని మీ యింటిలో ఎన్నడును వినలేదా?" అని నవ్వెడివారు. వంగ, ఉత్కళ దేశములలో పంతొమ్మిదవ శతాబ్ది మొదటి సంవత్సరములవఱకు గవ్వలు నిజముగనే చిల్లర ధనముగా చెల్లినవి. ఆ గవ్వలలో పెక్కు మాల్దీవుల నుండి ఓడలలో వచ్చినవి.

1985వ సంవత్సరము చివరి దినములలో పంతులుగారికి అమెరికానుండి ఒక ఉత్తరము వచ్చెను. చదువుకొఱకు ఆ దేశము వెళ్ళిన పూర్వవిద్యార్థి యొకడు, తన గురువునకు గుల్లల బిళ్ళలయందుగల ఇష్టమును మఱవక, ఆ ఏడే వెలువడిన క్రొత్త బిళ్ళలను కవరుపై అంటించి పంపెను. అవి ఇరువది రెండు సెంట్ల బిళ్ళలు రెండు. అమెరికావారు ఆ సంవత్సరము ఏప్రిలులో ఐదు రకముల సముద్రపు గుల్లలను ఐదు బిళ్ళలపై అచ్చొత్తించి, చిన్న పుస్తకముగా కుట్టి అమ్మిరి. వానిలో రెండు ఇవి.

పంతులుగారు ఆ సాయంకాలము తరగతిలోనే బిళ్ళలను ఊడదీసి చూపిరి. కవరునుండి బిళ్ళను పెఱికినచో కాగితము చిరుగును. కావున బిళ్ళ చుట్టునుగల కవరు ముక్కను కత్తిరించి, పళ్ళెములోని చల్లని నీటిలో బిళ్ళ పైకి వచ్చునట్లు తేలవేయవలెను. కొంతసేపటికి జిగురు కరగి బిళ్ళ తనంతట జారివచ్చును. దానిని అద్దుడు కాగితముల నడుమ నుంచి, పైన బరువైన పుస్తకము పెట్టి ఆరనీయవలెను. తొందరపడినచో బిళ్ళ చెడును. ఇది ఓపికను నేర్పు పని.

బిళ్ళలు ఆరిన మఱునాడు పిల్లలందఱు చుట్టును చేరి భూతద్దముతో చూచిరి. ఎనిమిదవ తరగతిలో జాలరి కుటుంబపు బాలుడొకడు కలడు. వాడు రెండవ బిళ్ళను చాలసేపు చూచి, మెల్లగా, "పంతులుగారూ! ఈ గుల్ల ఎడమకు తిరిగియున్నదండి" అనెను.

గుల్లలను చేతితో ఎఱిగినవాడు గనుక వానికది తెలిసెను. నత్తగుల్లనుగాని శంఖమునుగాని కొన పైకి, నోరు మన వైపునకు వచ్చునట్లు పట్టుకొనినచో, ఆ నోరు సామాన్యముగా కుడిప్రక్కన నుండును. లోపలి ప్రాణి పెరిగినకొలది గుల్లను నోటి అంచున కొంచెము కొంచెముగా పెంచుకొనుచు, మెట్లమేడవలె చుట్టుచుట్టుగా దిగివచ్చును. ఆ చుట్టు ఎక్కువ జాతులలో కుడివైపునకే. ఈ బిళ్ళలోని గుల్లకు నోరు ఎడమప్రక్కన నుండెను.

పంతులుగారు భూతద్దము తీసికొని చూచి సంతోషముతో, "నీ కన్ను మంచిది. ఇది అచ్చుతప్పు" అనిరి. అచ్చుదిమ్మెలో బొమ్మ తిరుగవేసి చెక్కినగాని కాగితముపై సరిగా పడదనియు, ఆ సంగతి మఱచినచో కుడిది ఎడమ యగుననియు వివరించిరి. హాలండు దేశపు మహాచిత్రకారుడు రెంబ్రాంట్ 1650లో ఒక గుల్లను రాగిరేకుపై చెక్కెను. తన సంతకమును తిరుగవేసి చెక్కుట మఱవలేదుగాని, గుల్లను మాత్రము కంటికి కనబడినట్లే చెక్కెను. అందువలన అచ్చులో సంతకము సరిగా వచ్చెను. గుల్ల మాత్రము ఎడమకు తిరిగెను. ఒకప్పుడు హాలండువారు ఓడలలో వచ్చి కాపురమున్న భీమునిపట్టణపు పిల్లలకు ఈ కథ మిక్కిలి నచ్చెను. పంతులుగారు కలము తీసి ఆల్బములో ఆ బిళ్ళ క్రింద "అచ్చుతప్పు" అని వ్రాసిరి.

అందఱును నవ్విరి. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. వాడు ఎడమచేతివాటమువాడు. ఎడమచేత వ్రాసినందులకు వాని వ్రేళ్ళపై చిన్నతనమునుండియు బెత్తపుదెబ్బలు పడుచుండెను. పంతులుగారు కొట్టెడివారు కారుగాని, "కుడిచేతితో వ్రాయుము నాయనా" అని దినదినము చెప్పెడివారు. వాడు కుడిచేత వ్రాసిన అక్షరములు వంకరలు పోవుచుండెడివి. వాటికి మఱల చీవాట్లు తప్పెడివి కావు.

రెండుదినములు గడచెను. సంధ్యవేళ ఆ బాలుని తాత పంతులుగారి యింటికి వచ్చెను. అతడు వయసు మళ్ళిన జాలరి, అక్షరమెఱుగడు. వాకిట నిలిచి, "బాబూ! మావాడు మొన్నటినుండి సరిగా అన్నము తినుట లేదు. 'తాతా! ఎడమకు తిరిగినదంతయు తప్పేనా?' అని నన్నడుగుచున్నాడు. నాకేమి తెలియును? మీరే చెప్పవలెను" అనెను.

పంతులుగారు జరిగినదంతయు చెప్పి, "అది కాగితములోని తప్పు, తాతా! పిల్లవానికేమి సంబంధము?" అనిరి.

ముసలివాడు కొంచెమాలోచించెను. "దక్షిణసముద్రములో శంఖులకై మునుగువారి మాట నా తండ్రి చెప్పెడివాడు బాబూ! ఎన్నడో ఒకనాడు ఎదురు తిరిగిన శంఖు దొరకునట. దొరికినవాడు అది సముద్రము చేసిన తప్పని పారవేయునా? కన్నుల కద్దుకొనును. ఆ అమెరికా సముద్రమును మీరును చూడలేదు, నేనును చూడలేదు. అక్కడ నిట్టి గుల్ల లేదని మనకెవరు చెప్పిరి?" అని దండము పెట్టి వెడలిపోయెను.

ఆ రాత్రి పంతులుగారికి నిద్ర పట్టలేదు. ఆదివారము ఉదయమున బస్సెక్కి విశాఖపట్టణము పోయి, ఒక గ్రంథాలయమున అమెరికా తీరపు గుల్లలను గూర్చిన పుస్తకము తెప్పించుకొనిరి. బిళ్ళపై ఆ గుల్ల పేరు స్పష్టముగా అచ్చొత్తియే యున్నది. లైట్నింగ్ వెల్క్ అని దాని పేరు, మెఱుపు శంఖమనవచ్చును. లేతగుల్లపై మెఱుపుతీగలవంటి చారలుండుటచేత దానికాపేరు వచ్చెను. పుస్తకములో ఆ పేరు వెదకుటకు ఆయనకు అరగంట కాలము పట్టలేదు. అమెరికా ఆగ్నేయతీరమునను, మెక్సికో సింధుశాఖయందును వసించు ఆ జాతి పుట్టుకతోనే ఎడమకు తిరుగును. దానికి ఎడమయే సహజము. బిళ్ళను చెక్కినవాడు ఏ తప్పును చేయలేదు.

సోమవారమునాడు పంతులుగారు ఆల్బమును తరగతికి తెచ్చి, అందఱియెదుట ఆ పుట తెఱచిరి. "బిళ్ళలో తప్పులేదు. తప్పు నాది" అనిరి. తాను గ్రంథాలయమున చదివినదంతయు చెప్పిరి.

బాలుడు లేచి, "మొదట అన్నది నేనే కదండి" అనెను.

"కాదు. గుల్ల ఎడమకు తిరిగియున్నదని నీవంటివి. అది నిజము. నీవు కన్నది కన్నట్లు చెప్పితివి. తప్పని తీర్పు చెప్పినవాడను నేను. పేరు ఎదుటనే యున్నను చదువలేదు; చదివినవారి నడుగలేదు" అని పంతులుగారు అనిరి. పిమ్మట కలము తీసి, "అచ్చుతప్పు" అను మాటను చెఱిపివేయక, దానిపై సన్నని గీతనొకటి గీచి, ప్రక్కనే "ఇది దీని సహజమైన తీరు" అని వ్రాసిరి.

ఒక విద్యార్థి, "మన దక్షిణావర్తశంఖమును ఎడమదేనా పంతులుగారూ?" అని ప్రశ్నించెను. ఆయన మిక్కిలి సంతోషించి, బల్లపైనున్న శంఖమును చేతికి తీసికొనిరి. శాస్త్రజ్ఞులు గుల్లను కొన పైకి పట్టి చూతురు. మన పూజారులు కొన క్రిందికి, నీరు జారు తోక పైకి పట్టి చూతురు. పట్టు మాఱగనే కుడియెడమలు మాఱును. అందుచేత శాస్త్రజ్ఞులు ఎడమదని పిలుచు అరుదైన శంఖమునే మనవారు దక్షిణావర్తమని, అనగా కుడికి తిరిగినదని పిలుచుచున్నారు. ఇరువురి మాటయు నిజమే. ఎవరు ఏ కొనను పైకి పట్టిరో అడుగకయే వాదమునకు దిగినవాడు మాత్రము పొరబడును.

తరగతి ముగిసినపుడు ఆయన ఆ బాలుని దగ్గఱకు పిలిచి, వాని పలకను వాని ఎడమచేతి కందించి, "ఇక నీకు వచ్చిన చేతితోనే వ్రాయుము" అనిరి. మఱి యే మాటయు చెప్పలేదు. ఆ సాయంకాలము వాడు వ్రాసిన అక్షరములు ముత్యములవలె నుండెను.

మఱునాడు తెల్లవాఱకమునుపే బాలుడు పంతులుగారి యింటి తలుపు తట్టెను. వాని చేతిలో నొక డబ్బా, అందులో సముద్రపు నీరు, నీటిలో నొక గవ్వ యుండెను. పాటువేళ రాళ్ళసందున దొరికినదట. "మీ కాగితపు గవ్వల ప్రక్కన ఇది నిజమైనది, ఉంచుకొనుడు పంతులుగారూ" అని ఇచ్చెను.

పంతులుగారి ముఖము చిన్నబోయెను. బాలుని అరుగుమీద కూర్చుండబెట్టి, "కదలక చూడుము" అనిరి. డబ్బా నిశ్చలముగా నుండగా కొంతసేపటికి గవ్వ అడుగుననున్న చీలికనుండి మెత్తని పొర యొకటి బయటికి వచ్చి, రెండు వైపులనుండి ప్రాకి, గవ్వను దుప్పటివలె కప్పివేసెను. శాస్త్రజ్ఞులు దానిని ప్రావారమందురు. గవ్వను కట్టునదియు, దానికి ఆ నునుపును, మెఱుగును పెట్టునదియు నదియే. జూదములో వేయు గవ్వలను, మొలత్రాటికి కట్టు గవ్వలను బాలుడు వందలుగా చూచెను. అది యొక ప్రాణికి ఇల్లని వానికి ఆ దినమే తెలిసెను.

అప్పుడు పంతులుగారు, ఊరివారెవ్వరికిని చెప్పని సంగతిని వానికి చెప్పిరి. ఆయన పదునైదేండ్ల వయసున గవ్వలపై వ్యామోహముతో ఒకనాడు రాళ్ళపైనుండి బుట్టెడు గవ్వలు ఏరితెచ్చి, చెక్కపెట్టెలో దాచి, అటకమీద పెట్టి మఱచిపోయిరి. నాలుగైదు దినములకు ఇల్లంతయు దుర్గంధము నిండెను. అటకమీదికి చీమలు బారులు తీఱెను. తల్లి పెట్టె తెఱచి చూచి, కొడుకును తిట్టలేదు, కొట్టలేదు. పెట్టెను వాని ముందుంచి, "ఇల్లు చూచితివి. ఇంటివానిని చూడలేదు గదా, నాయనా!" అనెను. ఆ గవ్వలను కడిగి ఎండబెట్టుటకుగాని, దాచుకొనుటకుగాని ఆయనకు చేతులు రాలేదు. ఇసుకలో గోయి త్రవ్వి పూడ్చిపెట్టెను. గవ్వల యందము మీది ప్రీతి మాత్రము పోలేదు. నాటినుండియు గవ్వను చేతబట్టకయే గవ్వను చూచుకొను ఉపాయము వెదకగా, తపాలాబిళ్ళ దొరికెను.

"నలువది యేండ్లు గడచినవి. ఆ పాఠము నేర్చుకొంటి ననుకొంటిని. మొన్నటి బిళ్ళలో మఱల అదే తప్పు చేసితిని. నీ చేతిని ఇన్నాళ్ళు చూచితిని గాని, నిన్ను చూడలేదు" అని పంతులుగారు అనిరి.

ఇరువురును డబ్బా తీసికొని రాళ్ళకడకు పోయిరి. ఏ సందునుండి తెచ్చెనో ఆ సందును బాలుడే చూపెను. గవ్వను నీటిలో విడిచి, అల వచ్చి పోవువఱకు నిలిచి, తిరిగివచ్చిరి.

కాలము గడచెను. పంతులుగారు ఉద్యోగవిరమణము చేసిరి. బాలుడు పెరిగి తన తాతవలె పడవ నడుపువాడయ్యెను. 1998వ సంవత్సరము డిసెంబరు నెలలో మన తపాలాశాఖ సముద్రపు గుల్లలతో నాలుగు బిళ్ళలను వెలువరించెను. ఒకదానిపై చిన్న బొడిపెలుగల గవ్వ, ఒకదానిపై ముండ్లకొమ్మలుగల గుల్ల, ఒకదానిపై కాసిస్ కార్నూటా అను పెద్ద కొమ్ములశంఖము, మఱియొకదానిపై వ్రేళ్ళవంటి కొమ్ములు చాచిన లాంబిస్ అను గుల్ల యుండెను. పంతులుగారు నాలుగింటిని కొని తెచ్చి, కబురంపగా ఆ యువకుడు వచ్చెను. చేతులు కడిగి, తుడుచుకొని, పట్టకారు అడిగి తీసికొని, ఒక్కొక్క బిళ్ళను చూచెను. చూచి, "తొందరపడి చెప్పను పంతులుగారూ! ముందు పేర్లు చదువనిండు" అనెను. ఆ మాట విని వృద్ధుడైన గురువు చాలసేపు నవ్వెను.

2001లో భారతప్రభుత్వము అరుదగుచున్న కొన్ని సముద్రపు గుల్లలను వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రిందికి తెచ్చెను. పులులకు, ఏనుగులకు వలెనే వానికిని రక్షణ లభించెను. ఆ పట్టికలో 1998 నాటి బిళ్ళపైనున్న కొమ్ములశంఖమును కలదు. పడవవారు కొందఱు ఆ పట్టికను విని, సముద్రములోని నత్తకు చట్టమేమిటని ఆశ్చర్యపడిరి. ఆ యువకుడు ఆశ్చర్యపడలేదు. వలలో ప్రాణముతో పడిన గుల్లను అతడు ఎన్నేండ్లనుండియో నీటిలోనికే విడుచుచుండెను.

పంతులుగారు తమ ఆల్బమును తరువాత ఆ గ్రామపు పిల్లలకే ఇచ్చివేసిరి. దానిని తెఱచువారికి మొదటి పుటలో తిరువాన్కూరు శంఖము కన్పట్టును. నడుమ నొక పుటలో ఎడమకు తిరిగిన మెఱుపు శంఖము కన్పట్టును. దాని క్రింద గీత గీచిన మాటయు, ప్రక్కన దిద్దిన మాటయు రెండును నేటికిని చదువుటకు వీలుగా నున్నవి.

బాలలారా! మీలో ఎవరైన బిళ్ళలు సేకరింప దలచినచో గొప్ప ధనమక్కఱలేదు. ఒక పట్టకారు, ఒక భూతద్దము, కొన్ని అద్దుడు కాగితములు చాలును. ఇంటికి వచ్చిన కవరును పారవేయకుడు. దొరికిన ప్రతి బిళ్ళను వెలుతురునకు ఎత్తి చూడుడు. మీకు తెలిసిన తీరుకు భిన్నముగా నున్నది కనబడినచో, దానిని తప్పని వ్రాయుటకు ముందు దాని పేరేమో చదువుడు.